బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ, నేరేడు: ఏ అవసరానికి ఏ పండు కొనాలి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని పెద్ద దుకాణాల్లో ఇప్పుడు ఏడాదిలో చాలా నెలలు 125 గ్రాముల ప్లాస్టిక్ డబ్బాల్లో బ్లూబెర్రీలు దొరుకుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పెరూ, చిలీ, దక్షిణాఫ్రికా వంటి దేశాల నుంచి వచ్చినవే. అదే వరుసలో చలికాలంలో స్ట్రాబెర్రీలు, అరుదుగా రాస్ప్‌బెర్రీలు ఉంటాయి. ఎండు పండ్ల అరలో క్రాన్‌బెర్రీలు ఉంటాయి. దుకాణం బయట తోపుడు బండి మీద, తొలకరి సమయంలో, నేరేడు పండ్లు రాశి పోసి ఉంటాయి. గుండెకు మంచిదని, షుగర్‌ను అదుపు చేస్తుందని, జ్ఞాపకశక్తిని నిలుపుతుందని అన్నింటి గురించీ దాదాపు ఒకే మాట వినిపిస్తున్నప్పుడు, నెల ఖర్చు చూసుకొని నడిచే కుటుంబం దేని మీద డబ్బు పెట్టాలో తేల్చుకోవడం కష్టమే.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఇక్కడ నివసించే వారికి తాజా బ్లూబెర్రీ డబ్బా చిట్టచివరి ఎంపిక కావాలి. బ్లూబెర్రీయే కావాలనుకుంటే ఫ్రోజెన్ రూపంలో కొనడం మేలు. విటమిన్ సి కోసమైతే జామ, ఉసిరి ఉండగా ఏ బెర్రీ వైపూ చూడనక్కరలేదు. పీచు కోసమైతే రాస్ప్‌బెర్రీ నిజంగా గొప్పదే కాని ఇక్కడ ఆ పని జామపండే చేస్తుంది. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు పదేపదే వచ్చే స్త్రీలకు మాత్రం క్రాన్‌బెర్రీకి సాటి వచ్చేది మన దగ్గర లేదు. నేరేడు దొరికే వారాల్లో నేరేడే కొనాలి. ఈ తీర్పుకు కారణాలు, వాటికి ఉన్న పరిమితులు కింద వివరిస్తున్నాను.

రంగులో ఉన్న సంగతి

ఈ పండ్లకు పేరు తెచ్చినవి యాంథోసయనిన్లు అనే వర్ణపదార్థాలు. ఎరుపు, ఊదా, నీలి రంగులను ఇచ్చే ఈ పదార్థాలు నల్ల ద్రాక్షలో, ఎర్ర క్యాబేజీలో, చివరికి వంకాయ తొక్కలో కూడా ఉంటాయి. దుకాణంలో దొరికే సాగు బ్లూబెర్రీని చాకుతో అడ్డంగా కోసి చూస్తే లోపలి గుజ్జు లేత ఆకుపచ్చ ఛాయతో ఇంచుమించు తెల్లగా కనిపిస్తుంది. నీలిరంగు దాదాపు అంతా పలుచని తొక్కలోనే ఉంటుంది. అందుకే పెద్ద కాయకంటే చిన్న కాయల్లో, గుజ్జుతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ కాబట్టి, ఈ పదార్థం కూడా ఎక్కువ. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, తూర్పు కెనడాలో నేలబారు పొదల నుంచి ఏరే అడవి బ్లూబెర్రీలకు ఆదరణ రావడానికి కారణం ఇదే. ఐరోపా అడవుల్లో పెరిగే బిల్‌బెర్రీకైతే లోపలి గుజ్జు కూడా ముదురు రంగే.

నేరేడు సంగతి తిన్న ప్రతివారికీ తెలుసు: నాలుగు పండ్లు తింటే నాలుక ఊదా రంగుకు మారి గంటల తరబడి అలాగే ఉంటుంది. ఆ రంగును ఇచ్చే డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్ వర్గపు యాంథోసయనిన్లు బ్లూబెర్రీ తొక్కలోనూ ఉన్నాయి. వృక్షశాస్త్రం దృష్టిలో ఈ రెండు మొక్కలకూ బంధుత్వం లేదు. నేరేడు లవంగ చెట్టు కుటుంబానికి చెందినది. అయినా తినేవారి శరీరానికి అందే పదార్థాల వరకు అవి దగ్గరి చుట్టాలే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ పండులో ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో కొలిచి ఇచ్చే ‘ఓరాక్’ అంకెలు కొన్నేళ్ల పాటు ప్రకటనల్లో రాజ్యమేలాయి. పరీక్షనాళికలో చేసే ఆ కొలతల పట్టికను 2010లో ప్రచురించిన అమెరికా వ్యవసాయ శాఖే, మనిషి ఆరోగ్యానికి ఆ అంకెలతో నేరుగా సంబంధం లేదని, వ్యాపార సంస్థలు వాటిని దుర్వినియోగం చేస్తున్నాయని చెబుతూ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తొలగించింది. ఇప్పటికీ ఎండు బెర్రీల పొట్లాల మీద, పొడుల సీసాల మీద ఆ అంకెలు కనబడితే వాటిని ధరకు సమర్థనగా తీసుకోవద్దు. ఎంపికకు పనికొచ్చేవి మూడే: మనుషుల మీద జరిగిన అధ్యయనాలు, పండులోని మామూలు పోషకాలు, ఆ పండు మన తిండిలో దేని స్థానంలోకి వస్తుందన్న లెక్క.

బ్లూబెర్రీకి ఉన్న అసలు బలం

బ్లూబెర్రీ సాగు చరిత్ర పెద్దదేమీ కాదు. అడవి పొదల నుంచి మేలైన వాటిని ఎంచి, ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త, ఎలిజబెత్ వైట్ అనే రైతు కుటుంబ మహిళ కలిసి న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో పండించిన తొలి వాణిజ్య పంట 1916లో మార్కెట్టుకు వచ్చింది. వందేళ్లలో అది సంఘటితమైన పరిశ్రమగా ఎదిగింది. ఆ పరిశ్రమకు పరిశోధనలకు డబ్బు ఇచ్చే స్తోమత ఉంది. బ్లూబెర్రీ మీద ఇన్ని అధ్యయనాలు ఉండి, నేరేడు మీద ఇంత తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. పండులో తేడా ఉండటం వేరు, పండు గురించి మనకు ఉన్న సమాచారంలో తేడా ఉండటం వేరు.

ఆ సమాచారం తేలికైనదేమీ కాదు. అమెరికాలోని నర్సులు, ఇతర ఆరోగ్య వృత్తుల వారిని దశాబ్దాల పాటు అనుసరించిన మూడు పెద్ద అధ్యయనాలను కలిపి, 1,87,382 మంది వివరాలతో 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పత్రం వచ్చింది. వారానికి మూడు సార్ల చొప్పున బ్లూబెర్రీలు తినడం రెండో రకం మధుమేహం ముప్పు సుమారు 26 శాతం తక్కువగా ఉండటంతో ముడిపడి ఉన్నట్టు అందులో తేలింది. ద్రాక్షకు ఆ తగ్గుదల 12 శాతం, ఆపిల్, పియర్ పండ్లకు 7 శాతం. స్ట్రాబెర్రీకి చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. పండ్ల రసం తాగేవారిలో ముప్పు తగ్గకపోగా సుమారు 8 శాతం ఎక్కువగా ఉంది. నా దృష్టిలో ఆ పత్రంలోని అసలు పాఠం బ్లూబెర్రీ అంకె కాదు, రసానికీ పండుకూ మధ్య కనబడిన ఈ తేడా.

అదే ఏడాది ‘సర్క్యులేషన్’ అనే వైద్య పత్రికలో వచ్చిన మరో పత్రం, 25 నుంచి 42 ఏళ్ల వయసున్న సుమారు 93,600 మంది స్త్రీలను 18 ఏళ్ల పాటు అనుసరించి, ఆహారంలో యాంథోసయనిన్లు అత్యధికంగా ఉన్న వర్గంలో గుండెపోటు ముప్పు అత్యల్పంగా తీసుకునే వర్గంతో పోలిస్తే 32 శాతం తక్కువగా ఉందని చెప్పింది. అక్కడ ఆ పదార్థాలు ప్రధానంగా బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీల నుంచే వచ్చాయి. 2012లో 70 ఏళ్లు దాటిన 16,010 మంది నర్సుల మీద వచ్చిన పత్రం, ఈ రెండు పండ్లను ఎక్కువగా తినేవారిలో జ్ఞాపకశక్తి క్షీణత రెండున్నరేళ్ల వరకు ఆలస్యంగా కనిపించిందని అంచనా వేసింది. ఇవన్నీ పరిశీలన అధ్యయనాలు. బ్లూబెర్రీలు కొనగలిగిన వ్యక్తి వ్యాయామానికి, వైద్య పరీక్షలకు కూడా సమయం, డబ్బు కేటాయించగలిగిన వ్యక్తి అయి ఉండే అవకాశం ఎక్కువ. పరిశోధకులు గణిత పద్ధతులతో ఆ ప్రభావాన్ని తగ్గించడానికి ప్రయత్నిస్తారు గాని పూర్తిగా తుడిచివేయలేరు.

మనుషులకు నిర్ణీత మోతాదు ఇచ్చి చూసిన పరీక్షల్లో చెప్పుకోదగినది బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించినది. అధిక బరువు, మెటబాలిక్ సిండ్రోమ్ (రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వు వంటివి కలిసి హద్దు దాటే స్థితి) ఉన్న 115 మంది ఆరు నెలల పాటు రోజూ ఒక కప్పు, అంటే 150 గ్రాముల తాజా పండ్లకు సమానమైన బ్లూబెర్రీ పొడి, లేదా అందులో సగం, లేదా అదే రంగులో ఉన్న ఉత్తుత్తి పొడి తీసుకున్నారు. ఒక కప్పు తీసుకున్న వారిలో రక్తనాళాలు వ్యాకోచించే గుణం మెరుగుపడింది. సగం కప్పు తీసుకున్న వారిలో ఆ మేలు కనిపించలేదు. ఇన్సులిన్ పనితీరులో మాత్రం ఏ వర్గంలోనూ మార్పు రాలేదు. ఈ పరీక్షకు ఆర్థిక సాయం చేసిన వారిలో అమెరికా బ్లూబెర్రీ రైతుల మండలి కూడా ఉందన్న విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా తమకు అనుకూలం కాని ఫలితాలను కూడా పరిశోధకులు దాచకుండా ప్రకటించారు.

ఇప్పుడు దీన్ని మన డబ్బాతో పోల్చి చూడండి. ఫలితం కనిపించిన మోతాదు రోజుకు 150 గ్రాములు. డబ్బాలో ఉన్నది 125 గ్రాములు. వారానికి ఒక డబ్బా కొని ఇంట్లో నలుగురూ తలా పదిహేను కాయలు పంచుకొని, గుండెకు ఏదో కవచం తొడిగినట్టు భావిస్తే అది భ్రమే. ఆ పదిహేను కాయలు రుచికి తినవచ్చు, ఆనందానికి తినవచ్చు. అధ్యయనాల పేరు చెప్పి తినడానికి లేదు.

మామూలు పోషకాల విషయానికొస్తే 100 గ్రాముల బ్లూబెర్రీల్లో 57 కెలోరీలు, దాదాపు 10 గ్రాముల చక్కెరలు, 2.4 గ్రాముల పీచు, సుమారు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. బెర్రీల్లో చక్కెర కాస్త ఎక్కువగా, విటమిన్ సి బాగా తక్కువగా ఉన్నది ఇదే. మరో సుగుణం మాత్రం ఉంది: 100 గ్రాములకు పొటాషియం 77 మిల్లీగ్రాములే. అరటిపండులో అది 350కి పైనే ఉంటుంది. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించుకోవలసిన వారికి ఏ పండు తినాలన్నా భయమే అన్న పరిస్థితిలో, వైద్యుడి అనుమతితో, ఇది పనికొచ్చే పండు.

స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ

ధరకు తగ్గ పోషకాలు చూస్తే విదేశీ బెర్రీల్లో నేను స్ట్రాబెర్రీకే మొదటి స్థానం ఇస్తాను. 100 గ్రాములకు కెలోరీలు 32, చక్కెరలు 5 గ్రాముల లోపు, విటమిన్ సి 59 మిల్లీగ్రాములు. భారతీయ వైద్య పరిశోధన మండలి ప్రమాణాల ప్రకారం రోజుకు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి కాబట్టి ఒక చిన్న గిన్నెడు పండ్లతో ఆ అవసరం చాలావరకు తీరుతుంది. పైగా అది దూరదేశాల నుంచి రావలసిన పని లేదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలు చలికాలంలో మన నగరాలకు వస్తాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి ప్రాంతాల చలిలో కూడా రైతులు దీన్ని పండిస్తున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో అటు వెళ్లిన వారు తోట దగ్గరే కోయించుకొని తినవచ్చు.

స్ట్రాబెర్రీ కోసిన తరువాత మాగదు. తొడిమ చుట్టూ తెల్లగా ఉన్న పండు ఇంట్లో రెండు రోజులు ఉంచితే ఎరుపెక్కవచ్చు గాని తియ్యబడదు, మెత్తబడి పాడవుతుంది. డబ్బాను పైనుంచి చూసి తృప్తి పడకుండా తలకిందులు చేసి చూడాలి. అడుగున తడి, ఎర్రని మరక, బూడిదరంగు నూగు కనిపిస్తే ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా వద్దు. తొక్క లేని పండు కాబట్టి పురుగుమందుల అవశేషాల గురించిన ఆందోళన కూడా దీని విషయంలో ఎక్కువ. ధారగా పడే నీటి కింద, తొడిమ తీయకముందే కడగాలి. తొడిమ తీసి నానబెడితే నీరు లోపలికి పోయి పండు చప్పబడుతుంది.

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీల ప్రత్యేకత పీచు. 100 గ్రాములకు మొదటిదానిలో 6.5 గ్రాములు, రెండోదానిలో 5.3 గ్రాములు ఉంటుంది. చక్కెరలు రెండింటిలోనూ 5 గ్రాముల లోపే. అమెరికాలో, బ్రిటన్‌లో ఉండే తెలుగువారు మధుమేహం దృష్టితో ఒకే ఒక్క బెర్రీని ఎంచుకోవాలంటే నేను రాస్ప్‌బెర్రీని సూచిస్తాను. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు ఏర్పడే స్వభావం ఉన్నవారు మాత్రం దీన్ని తగ్గించుకోవాలి. మన నగరాల్లో తాజా రాస్ప్‌బెర్రీ దొరకడమే అరుదు, దొరికినా ధర ఎక్కువ, ఒక రోజులో బూజు పడుతుంది. బండ్ల మీద రస్‌భరి అని అమ్మే, ఎండు కాగితం లాంటి తొడుగులో ఉండే గుండ్రని పసుపు పండు వేరే జాతి. మంచి పండే గాని పైన చెప్పిన అంకెలు దానికి వర్తించవు.

క్రాన్‌బెర్రీ: ఒకే పనికి, ఒకే రకం వారికి

క్రాన్‌బెర్రీ విషయంలో ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి, కాని అవి చాలా ఇరుకైనవి. ఈ పండులోని ప్రొయాంథోసయనిడిన్లు అనే ఒక తరహా పదార్థాలు, ఇన్‌ఫెక్షన్‌కు కారణమయ్యే ఇ-కోలై బ్యాక్టీరియా మూత్రాశయపు లోపలి పొరకు అంటుకోకుండా అడ్డుపడతాయి. 50 అధ్యయనాలను, దాదాపు 8,900 మంది వివరాలను సమీక్షించిన కొక్రేన్ సంస్థ 2023లో, ఇన్‌ఫెక్షన్లు తరచూ వచ్చే స్త్రీలలో ముప్పు సుమారు పాతిక శాతం తగ్గుతుందని, పిల్లల్లో కూడా తగ్గుతుందని తేల్చింది. వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవారికి, గర్భిణులకు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని సమస్య ఉన్నవారికి ప్రయోజనం కనిపించలేదు. ఇది కూడా నివారణ గురించే. మంట, జ్వరం మొదలైన తరువాత క్రాన్‌బెర్రీ తాగుతూ కూర్చోవడం ప్రమాదకరం, అప్పుడు కావలసింది మూత్ర పరీక్ష, యాంటీబయాటిక్.

ఆ అధ్యయనాల్లో వాడినవి ఎక్కువగా రసం, మాత్రలు, క్యాప్సూళ్ల రూపంలోని సారం. మన దగ్గర విరివిగా దొరికేది మాత్రం చక్కెర పాకంలో నానబెట్టి ఎండబెట్టిన క్రాన్‌బెర్రీ. పచ్చి పండులో 100 గ్రాములకు చక్కెర 4 గ్రాములే కాగా, ఈ ఎండు రూపంలో అది 70 గ్రాములు దాటుతుంది. ఆరోగ్యం పేరుతో కొనే మిఠాయి అది. పొట్లం వెనుక పదార్థాల జాబితాను ఎక్కువ పరిమాణం నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం కాబట్టి, అందులో చక్కెర ఎన్నో స్థానంలో ఉందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పుల్లని ఎర్రని పండు వంటలోకి కావాలనుకునే వారికి వానాకాలంలో వచ్చే వాక్కాయ ఉండనే ఉంది. పప్పులోనూ పచ్చడిలోనూ దానికి సాటి లేదు. అది మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లను ఆపుతుందని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

నేరేడు, ఉసిరి, మల్బరీ

నేరేడు గురించి రెండు రకాల అతిశయోక్తులు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది, అందులో చక్కెరే ఉండదన్నది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల నేరేడులో 14 గ్రాముల పిండిపదార్థాలు, 62 కెలోరీలు ఉన్నాయి. అంటే లెక్కకు బ్లూబెర్రీతో సమానం. నోటికి తగిలే వగరు టానిన్ల వల్ల వచ్చేది, తీపి లేకపోవడం వల్ల కాదు. రెండోది, గింజల పొడి మధుమేహాన్ని నయం చేస్తుందన్నది. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో ఆశాజనకమైన ఫలితాలు ఉన్నా, డాక్టరు రాసిన మాత్రను మాన్పించగల స్థాయి ఆధారాలు మనుషుల విషయంలో లేవు. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల కషాయాన్ని మనుషులకు ఇచ్చి చూసినప్పుడు రక్తంలో చక్కెర తగ్గలేదు. మాత్రలకు తోడుగా పొడి వాడదలచినవారు కూడా వైద్యుడికి చెప్పే వాడాలి.

ఈ రెండింటినీ పక్కన పెట్టాక మిగిలే నేరేడు, బ్లూబెర్రీకి గట్టి పోటీ. గుజ్జు దాకా రంగు, అదే వర్గపు యాంథోసయనిన్లు, తక్కువ పొటాషియం, దగ్గరి తోట నుంచి నిన్న కోసి తెచ్చిన తాజాదనం. ధర ఏటేటా పెరుగుతున్నా, సీజన్ మధ్యలో ఒక్క బ్లూబెర్రీ డబ్బా ధరకు కిలోకు అటూఇటూగా నేరేడు వస్తుంది. లక్షమందిని ఇరవై ఏళ్లు అనుసరించిన అధ్యయనం దీనికి లేదన్నది నిజం; ఉండి ఉంటే ఫలితం భిన్నంగా వచ్చేదనుకోవడానికి కారణం కూడా నాకు కనబడదు. లోపమల్లా నిలవ ఉండకపోవడం. ఫ్రిజ్‌లో కూడా రెండు మూడు రోజులకు మించి బాగుండదు. ఓపిక ఉన్నవారు గింజ తీసి, గుజ్జును చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సీజన్ తరువాత కూడా మజ్జిగలోకి, పెరుగులోకి వాడుకోవచ్చు. బండివాళ్లు ఉప్పు చల్లి కుదిపి ఇచ్చే నేరేడు రుచిగా ఉంటుంది, కాదనను; రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు లేకుండా తీసుకోవాలి.

ఉసిరిని ఈ పోలికలోకి తేవడం కొంత అన్యాయమే, ఎందుకంటే విటమిన్ సి విషయంలో దాని ముందు ఏ బెర్రీ నిలవదు. పాత పట్టికలు 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములని చెప్పాయి. 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో అది సుమారు 250కి తగ్గింది. తగ్గిన అంకె కూడా స్ట్రాబెర్రీకి నాలుగు రెట్లు. జామలోనూ 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పీచు అదనం. అయితే ఊదా రంగు పదార్థాలు వీటిలో లేవు కాబట్టి ఇవి నేరేడుకు తోడే గాని ప్రత్యామ్నాయం కావు.

మల్బరీ పండు గురించి ఒక మాట. హిందూపురం, మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో పట్టుపురుగుల కోసం ఎకరాలకు ఎకరాలు మల్బరీ పెంచుతారు, కాని ఆకు కోసం కొమ్మలు కత్తిరిస్తూ ఉండటం వల్ల పండుకు మార్కెట్టు లేదు. పెరట్లో చెట్టుగా పెరగనిస్తే మాత్రం విరగకాస్తుంది. 100 గ్రాములకు 36 మిల్లీగ్రాముల విటమిన్ సి, పండ్లలో అరుదైన స్థాయిలో దాదాపు 1.9 మిల్లీగ్రాముల ఇనుము, ముదురు ఊదా రంగు. పెరడు ఉన్నవారు బ్లూబెర్రీ మొక్క తెచ్చి పెంచే ప్రయత్నం కంటే ఇది నాటుకోవడం మేలు, బ్లూబెర్రీకి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉన్న ఆమ్లగుణపు నేల, తగినంత చలి కావాలి, మన మైదాన ప్రాంతాల్లో ఆ రెండూ లేవు.

తాజా, ఫ్రోజెన్, ఎండు, రసం

ఏ పండు అన్నదానికంటే ఏ రూపంలో అన్నది చాలాసార్లు పెద్ద ప్రశ్న. కోసిన వెంటనే గడ్డకట్టించిన బ్లూబెర్రీల్లో యాంథోసయనిన్లు బాగానే నిలుస్తాయి. ఓడలో, గోదాములో రోజుల తరబడి ప్రయాణించిన తాజా డబ్బాకంటే అవి తీసిపోవు, ధర తక్కువ, పారేసేది ఉండదు. కరిగిన తరువాత మెత్తబడతాయి కాబట్టి విడిగా తినడానికి అంత బాగుండవు. పెరుగులో, ఓట్స్‌లో, రాగి జావలో కలుపుకోవడానికి సరిపోతాయి. అమెరికాలో ఉన్నవారికి ఫ్రోజెన్ అడవి బ్లూబెర్రీలు పెద్ద సంచుల్లో సులువుగా దొరుకుతాయి. ఏడాదిలో ఎక్కువ భాగం వారికి అదే సరైన ఎంపిక. న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబాలు జూన్ చివర నుంచి జులై దాకా తోటలకు వెళ్లి స్వయంగా కోసుకొనే వారాలను మాత్రం వదులుకోకూడదు.

ఫ్రోజెన్ బెర్రీల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. గడ్డకట్టించడం వల్ల వైరస్‌లు చావవు. 2012లో జర్మనీలో దిగుమతి చేసుకున్న ఫ్రోజెన్ స్ట్రాబెర్రీల ద్వారా నోరోవైరస్ సోకి దాదాపు 11 వేల మంది, ఎక్కువగా బడిపిల్లలు, జబ్బుపడ్డారు. గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గిన వారికి ఇచ్చేటప్పుడు ఒక నిమిషం పాటు మరిగించి చల్లార్చి ఇవ్వడం మంచిది.

రసాన్ని, సిరప్‌ను, బేకరీల్లో బ్లూబెర్రీ పేరుతో వేసే నీలి జెల్లీని ఈ చర్చలోకే తీసుకోనక్కరలేదు. డబ్బాల మీద నూరు శాతం పండ్ల రసం అని రాయవద్దని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2024లో ఆదేశించవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. ఇంట్లో స్మూతీ చేసుకునేవారికి ఒక చిన్న సూచన: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2023లో ప్రచురించిన చిన్న పరీక్షలో, అరటిపండు కలిపిన స్మూతీ తాగినవారికి ఫ్లేవనాల్ అనే పదార్థాలు 84 శాతం తక్కువగా అందాయి. అరటిపండు నల్లబడటానికి కారణమైన ఎంజైమే ఇందుకు కారణం. తీపి కోసం అరటిపండు వేయాలనిపిస్తే దాన్ని విడిగా తినండి.

ఇంట్లో ఎవరికి ఏది

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు తినాలని చెబుతున్నాయి. ఆ 100 గ్రాముల్లో వారానికి మూడు నాలుగు రోజులు ముదురు రంగు పండు ఉంటే చాలు. ఏది సీజన్‌లో ఉంటే అది. జూన్, జులైల్లో నేరేడు, చలికాలంలో స్ట్రాబెర్రీ, నల్ల ద్రాక్ష, మిగతా నెలల్లో మనసైతే ఫ్రోజెన్ బ్లూబెర్రీ, లేదంటే జామ. మధుమేహం ఉన్నవారు ఈ పండును భోజనానికి అదనంగా కాక, సాయంత్రం టీతో తినే బిస్కెట్టుకో మిక్చరుకో బదులుగా తింటేనే ప్రయోజనం. గుప్పెడు పండ్లను గిన్నెడు చక్కెర వేయని మామూలు పెరుగుతో కలిపి తినడం నాకు తెలిసిన సులువైన పద్ధతి.

రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు క్రాన్‌బెర్రీ రసాన్ని, మాత్రలను వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. విటమిన్ కె కొంత ఉన్న బ్లూబెర్రీని కూడా ఒక వారం బాగా తిని మరో వారం మానేయడం కంటే ఒకే తీరుగా తినాలి.

కొన్న తరువాత చేయవలసినది స్వల్పమే. బ్లూబెర్రీ మీద ఉండే బూడిదలాంటి తెల్లని పొర మందు కాదు, పండు సహజంగా వేసుకొనే మైనపు పూత. అది చెదరకుండా ఉంటే పండు తాజాదని అర్థం. అందుకే తెచ్చిన వెంటనే కడిగి ఫ్రిజ్‌లో పెట్టకుండా, తినే ముందు మాత్రమే కడగాలి. బూజు పట్టిన కాయ ఒకటి కనబడితే దాన్ని వెంటనే తీసేయాలి, లేకపోతే పక్కవాటికి పాకుతుంది. చిన్న పిల్లలకు బ్లూబెర్రీని, ద్రాక్షను గుండ్రంగా ఉన్నది ఉన్నట్టు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. నేరేడుకైతే గింజ తీసి, గుజ్జు మాత్రం చేతికివ్వాలి.